పాలిష్ మేస్త్రి ఏడో వారం

ఆయన్ని అందరూ పాలిష్ మేస్త్రి అంటారు. పెళ్లాం కూడా నలుగురి ముందు "మా మేస్త్రి" అనే అంటుంది. తనకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉందన్న సంగతి ఆసుపత్రిలో చీటీ రాయించుకునేటప్పుడే ఆయనకు గుర్తొస్తుంది. వయసు యాభై రెండు. పదహారో ఏట ఉండ పట్టాడు. అప్పటినుంచి ఆ చేతికి వేరే పని తెలియదు.

ఉండ అంటే దూది ముద్ద. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు బట్టలో దూదిని చుట్టి, కోడిగుడ్డంత చేసి, మెడ దగ్గర మెలిపెట్టి పట్టుకుంటారు. లక్కను ముందు రోజే స్పిరిట్‌లో నానబెట్టి కరిగిస్తారు. దాన్ని ఉండలోకి పోసి, చెక్క మీద గుండ్రంగా, ఆగకుండా తిప్పుతూ పోవాలి. స్పిరిట్ గాలిలో కలిసిపోతుంది, లక్క చెక్క మీద మిగులుతుంది. ఒక్కో పూత ఉల్లిపొర కంటే పలుచన. అలాంటివి అరవై డెబ్బై పడితేగాని చెక్క లోపలి నుంచి వెలుగు రాదు. చెయ్యి మధ్యలో ఆగిందా, ఉండ అక్కడే అతుక్కుని, వారం రోజుల పనిని ఊడబెరుక్కుని లేస్తుంది.

అన్నిటికన్నా కష్టం ఉండలో తడి ఎంతుందో తెలుసుకోవడం. ఎక్కువైతే కింది పూతలు కరుగుతాయి, తక్కువైతే చెక్క మీద గీతలు పడతాయి. కొందరు కాగితం మీద అద్ది చూస్తారు, కొందరు అరచేతిలో అద్దుకుంటారు. మేస్త్రికి పని నేర్పిన పెద్దాయన మాత్రం ఉండను కింది పెదవికి ఆనించి చూడమన్నాడు. అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారిపోతుంది, దాని మాట నమ్మకు. పెదవి ఎన్నేళ్లయినా పసిపిల్ల చర్మమే అన్నాడు. ఆనించగానే చల్లగా తగిలి, ఒకటి అనుకునేలోపు ఆ చల్లదనం పోవాలి. అదీ లెక్క. ముప్పై ఆరేళ్లుగా రోజుకు నలభై యాభై సార్లు అలా ఆనించడం వల్ల మేస్త్రి కింది పెదవి మీద లక్క రంగు మచ్చ ఒకటి నిలిచిపోయింది.

తాగుడు ఎప్పుడు మొదలైందో ఆయన సరిగ్గా చెప్పలేడు. పని దిగాక ఒళ్లు హూనమై ఉండేది. రెండు గుక్కలు పడితే భుజాలు వదులయ్యేవి. ఆ రెండూ నాలుగయ్యాయి, సాయంత్రం కాస్తా మధ్యాహ్నానికి జరిగింది. పనికి మాత్రం ఏనాడూ డుమ్మా కొట్టలేదు. చెయ్యి తిరిగిన మనిషి కావడంతో తాగినా పని చెడలేదు. ఆఖరి ఏళ్లలో తాగకపోతేనే చెడేది. పొద్దున్నే గ్లాసు పడితేగాని వేళ్ల వణుకు ఆగేది కాదు. ఒక్కగానొక్క కూతురు పెళ్లయి వేరే ఊళ్లో ఉంటుంది; వారానికోసారి ఫోన్ చేసి తల్లితో మాట్లాడి పెట్టేస్తుంది. పెళ్లాం ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. ఏళ్లుగా ఆమె ఆయన్ని తిట్టింది, ఏడ్చింది, ఒట్టు వేయించుకుంది, పుట్టింటికి పోయి నెల్లాళ్లు ఉండి వచ్చింది. తర్వాత అన్నీ మానేసింది.

ఒక సోమవారం మేస్త్రి తనంతట తానే మానేద్దామనుకుని మానేశాడు. ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం పని చేస్తూ చేస్తూ ఫిట్స్ వచ్చి బల్ల పక్కన పడిపోయాడు. ఆ వడ్రంగి షాపు బావమరిదిది, అంటే పెళ్లాం తమ్ముడిది. అతనే భుజాన వేసుకుని ఆసుపత్రికి పట్టుకెళ్లాడు. అంతగా అలవాటైన ఒంటికి ఉన్నపళంగా ఆపేస్తే ప్రాణం మీదకు వస్తుందనీ, డాక్టరు చేతుల మీదుగా మానాలనీ అక్కడ చెప్పేదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పది రోజులు మంచం మీద ఉంచి, ఒంట్లోంచి మందు దిగిపోయాక, డాక్టరు రెండు దారులు చూపించాడు. ఒకటి, మూడు నెలలు వాళ్ల దగ్గరే ఉండిపోవడం. రెండోది, ఇంటి నుంచి వచ్చి పోవడం. వారానికి నాలుగు రోజులు, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా, పన్నెండు వారాలు. మిగతా రోజంతా తన పనిలో, తన ఇంట్లో. తేలిక పద్ధతి అనుకోవద్దన్నాడు డాక్టరు. లోపల ఉన్నవాడికి గోడలు అడ్డం ఉంటాయి, వచ్చిపోయేవాడు పొద్దున నేర్చుకున్నదాన్ని మధ్యాహ్నానికే వాడుకోవాలి, అందుకే తరచుగా రావాలి అన్నాడు. పని ఆగదని మేస్త్రి రెండోదానికే ఒప్పుకున్నాడు.

అప్పుడు ఒక ఫారం నింపుతూ డాక్టరు ఒక ప్రశ్న అడిగాడు. పనిలో వాడే స్పిరిట్ ఎప్పుడైనా తాగారా అని. తాగి ఉంటే మాత్రం ఆ పని దగ్గరికి పంపను, కనీసం ఆర్నెల్లు స్పిరిట్ ఉన్న గదిలో అడుగు పెట్టకూడదు. జనం తాగకుండా అందులో విషం కలుపుతారు, కళ్లు పోతాయి, ప్రాణమే పోవచ్చు అన్నాడు. మేస్త్రి తల ఊపి, ఛ, అదేం మాట సార్, లేదు అన్నాడు.

తాగాడు. అంతకు ముందు ఏడాది, ఊళ్లో మందు దుకాణాలన్నీ వారం పాటు మూసేసినప్పుడు, నీళ్లు కలుపుకుని తాగాడు. ఒకటి కాదు, మూడు సార్లు. ఆ సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాడు. నిజం చెబితే చేతిలో పని పోతుంది. ఆ పని పోయాక తను ఎవరో ఆయనకు తెలియదు. అందుకే లేదన్నాడు.

చికిత్స జరిగేచోటు కళ్లజోళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో. మెట్లు ఎక్కగానే నర్సు, తాగిందీ లేనిదీ ఊపిరిలో పట్టేసే మిషన్ అందిస్తుంది. ఊది, సున్నా వచ్చిందని సంతకం పెట్టి లోపలికి వెళ్లాలి. గుండ్రంగా పది ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి గంట ఒక్కొక్కరూ నిన్న ఇంటికెళ్లినప్పటినుంచి ఇవాళ ఇక్కడికొచ్చేదాకా ఏం జరిగిందో చెప్పాలి. రెండో గంట పాఠం: తాగాలనే కోరిక ఎలా లేస్తుంది, ఎలా పడుతుంది, అది లేచినప్పుడు కాళ్లూ చేతులూ ఏం చేయాలి. మూడో గంట ఒక్కొక్కరితో విడిగా. గురువారాలు డాక్టరు వచ్చి మాత్రలు చూస్తాడు. రెండు వారాలకోసారి ఇంట్లోవాళ్లనూ కూర్చోబెడతారు.

మొదట్లో మేస్త్రికి ఒళ్లు మండేది. మాటలతో ఏ పని అయ్యింది గనక అనేది ఆయన ధోరణి. జీవితంలో తనకు తెలిసిన గొప్ప పనివాళ్లంతా నోరు విప్పనివాళ్లే. ఇక్కడేమో మూడు గంటలూ మాటలే. కౌన్సెలర్ తన కూతురికన్నా నాలుగేళ్లు పెద్దది కావచ్చు. పక్క కుర్చీలో బస్సు డ్రైవరు. ఏ సంగతి మొదలుపెట్టినా దాని వెనకదీ, దాని వెనకదీ చెప్పుకుంటూ చిన్నప్పటిదాకా వెళ్లిపోతాడని అతనికి రివర్స్ గేరు అని పేరు పెట్టారు. ఎదురుగా స్కూలు టీచరమ్మ. నిద్ర మాత్రలకు అలవాటు పడి వచ్చింది, ఎవరితో మాట్లాడినా అన్నయ్యగారూ అంటుంది.

మందు మానేస్తే మనసు తేలికపడుతుందని మేస్త్రి అనుకున్నాడు. పడలేదు. పొద్దున లేవాలంటే ఒంటి మీద తడి దుప్పటి కప్పినట్టుండేది. చెప్పులు వేసుకోవడం కూడా ఒక పనిలా ఉండేది. కాళ్లీడ్చుకుంటూ బస్సెక్కి, ఉసూరుమంటూ మెట్లెక్కి, సంతకం పెట్టి కూర్చునేవాడు. డాక్టరు విని, ఈ దిగులు తాగుడు కన్నా పాతది, ఇన్నాళ్లూ మందు దాన్ని కప్పి ఉంచింది, రెండిటికీ కలిపి వైద్యం చేయాలి, ఒక్కటే చూస్తే రెండోది దాన్ని మళ్లీ లాక్కొస్తుంది అన్నాడు. మాత్రలు రాసి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందన్నాడు. అది మేస్త్రికి అర్థమైంది. పాత పూత కింద చెక్క పుచ్చి ఉంటే పైన ఎన్ని పూతలు వేసినా నిలవదు.

మెల్లగా ఆ కౌన్సెలర్ పనితనం కూడా ఆయన కంటబడింది. ఆమె ఎవరి మీదా మాట ఎక్కువ వేయదు. టీచరమ్మ ఏడుస్తుంటే ఊరుకోండి అనదు, కాసేపు అలాగే వదిలేస్తుంది. డ్రైవరు సొంత డబ్బా కొట్టుకుంటుంటే ఒక్క చిన్న ప్రశ్న వేసి పక్కకు తప్పుకుంటుంది. ఎంత వేయాలో, ఎప్పుడు చెయ్యి తీయాలో తెలిసిన మనిషి. పని తెలిసినవాళ్లంటే మేస్త్రికి గౌరవం. నాలుగో వారం నుంచి ఆమెను మేడమ్ అనడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఏమీ అనలేదు.

ఆ రోజుల్లోనే షాపుకు గ్రంథాలయం బల్ల వచ్చింది. పన్నెండు మంది చుట్టూ కూర్చుని చదువుకునే పాత బల్ల. సిరా మరకలు, గ్లాసుల అచ్చులు, ఎవరో బ్లేడుతో చెక్కిన అక్షరాలు. అన్నీ తీసి పాత పద్ధతిలోనే పాలిష్ చేయాలని గ్రంథాలయంవాళ్లు అడిగారు. ఆ పని చేయగల చెయ్యి ఆ చుట్టుపక్కల ఒక్కటే మిగిలింది. మూడో వారం నుంచి మేస్త్రి మధ్యాహ్నాలన్నీ దాని మీదే పెట్టాడు. ఏడో వారానికి నలభైకి పైగా పూతలు పడ్డాయి. చెక్కలో నారలు కనబడుతున్నాయి. పొద్దున మంచం దిగడానికి ఆయనకు దొరికిన కారణం ఆ బల్ల ఒక్కటే.

ఏడో వారం మంగళవారం గాలి పొడిగా ఉందని తెల్లారేసరికే షాపుకు వెళ్లి, తొమ్మిదికి అయిదు నిమిషాల ముందుదాకా పూత వేసి, అటునుంచి అటే పక్క వీధిలోని చికిత్సకు వచ్చాడు. నర్సు ఇచ్చిన మిషన్‌లో ఊదాడు. అంకె పడింది.

నర్సు ఇంకోసారి ఊదమంది. మళ్లీ పడింది. ఆమె లోపలికి వెళ్లి కౌన్సెలర్‌ను పిలుచుకొచ్చింది. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు అటు చూడనట్టు చూశారు.

"మేస్త్రిగారూ, తాగారా?" అని అడిగింది కౌన్సెలర్. గొంతు పెంచలేదు.

"లేదు మేడమ్."

నోరు పుక్కిలించి ఇరవై నిమిషాలు ఇక్కడే కూర్చోండి, మళ్లీ చూద్దాం అంది. నియమం ప్రకారం లాండ్రీలో ఉన్న పెళ్లానికి ఫోన్ కూడా చేయాల్సి వచ్చింది. ఇరవై నిమిషాల తర్వాత మిషన్‌లో సున్నా వచ్చింది. ఒంట్లో ఉన్నదైతే అంత తొందరగా పోదు, ఇది నోటి దగ్గర ఉన్నదే అంది నర్సు. అప్పుడు మేస్త్రి పెదవికి ఉండ ఆనించే సంగతి చెప్పాడు. ఎలా ఆనిస్తారో చేత్తో చూపించాడు.

"మేమంతా సీసాలు ఎత్తి తాగి ఇక్కడికొచ్చాం," అన్నాడు రివర్స్ గేరు. "ఈయనకు ముద్దు పెట్టుకుంటేనే ఎక్కుతుందంట."

టీచరమ్మ కూడా నవ్వింది. కౌన్సెలర్ చీటీలో ఏదో రాసుకుని, ఆ అలవాటు మాత్రం మానాలి, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వాడండి అని చెప్పి, పెళ్లానికి మళ్లీ ఫోన్ చేసి సున్నా వచ్చిందని చెప్పింది. అంతటితో అయిపోయింది.

మేస్త్రికి మాత్రం అవలేదు. ఆ పొద్దున ఉండ పెదవి మీద ఒకటి అనుకునేంతసేపు లేదు. పది దాకా ఉంది. నాలుక కూడా దానికి తగిలింది. పని చూడటానికి ఆనించిన ఉండ ఎప్పుడు వేరేదానికి ఆగిపోయిందో తనకే తెలియలేదు. తెలిశాక కూడా తీయలేదు. మిషన్ ముందు తను చెప్పినదంతా నిజమే. ఆ నిజంతోనే ఆయన తప్పించుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి పెళ్లాం గోడకు ఆనుకుని కాళ్లు బారజాపి కూర్చుంది. రోజంతా వేడి ఇస్త్రీ మిషన్ ముందు నిలబడి నిలబడి పాదాలు వాచిపోతాయి ఆమెకు. మొదటి ఫోన్‌కూ రెండో ఫోన్‌కూ మధ్య ఎలా గడిచిందో ఆమె చెప్పలేదు. ఆయనే పెదవి సంగతి, మిషన్ సంగతి వివరంగా చెప్పుకొచ్చాడు. అడగనిదానికి కూడా జవాబిచ్చాడు. ఆమె విని తల ఊపింది.

"నమ్మావా?" అన్నాడు.

"నమ్మాన్లే," అందామె. "కనిపెట్టే ఓపిక లేక నమ్మాను."

అని లేచి, గిన్నెలు కడగడానికి వెళ్లింది. ఆమె తిట్టి ఉంటే మేస్త్రి తిరిగి ఏదో ఒకటి అనేవాడు.

మర్నాడు బుధవారం, చికిత్స లేని రోజు. బావమరిది మాస్కూ తొడుగులూ తెచ్చి చేతిలో పెట్టాడు. "అక్క కొనమంది బావా. పెట్టుకో, నీకు దండం పెడతాను," అని, ఏదో ఇంటికి అల్మారా కొలతలు తీసుకోవడానికి వెళ్లిపోయాడు. షాపులో మేస్త్రి ఒక్కడే మిగిలాడు.

తొడుగులు వేసుకుని ఉండ పట్టాడు. తడి ఎంతుందో మణికట్టు మీద అద్దుకుని చూశాడు. ఏమీ తెలియలేదు. సరిపోయిందిలే అనుకుని తిప్పడం మొదలుపెట్టాడు. బల్ల మధ్యకు వచ్చేసరికి ఉండ బరువుగా లాగినట్టు అనిపించింది. తడి ఎక్కువైంది. అది తెలిసిన క్షణంలో, ముప్పై ఆరేళ్లలో ఎన్నడూ చేయని పని చేశాడు. చెయ్యి ఆపేశాడు. ఉండ అతుక్కుంది. లాగితే అరచేతి వెడల్పున పూతలు లేచి, కింద పచ్చి చెక్క కనబడింది.

స్పిరిట్ డబ్బా కాలి పక్కనే ఉంది. మూత తీసే ఉంది. మేస్త్రి మాస్కు కిందికి లాగాడు. ఇది మళ్లీ సరిచేయడానికి నాలుగు రోజులు పడుతుందని ఒక బుర్ర లెక్క వేస్తోంది, ఒక్క గుక్క పడితే చెయ్యి దారిలోకొస్తుందని ఇంకో బుర్ర చెబుతోంది. రెండోదాని గొంతు చాలా మర్యాదగా ఉంది. కోరిక అలాగే మాట్లాడుతుందని పాఠంలో విన్నాడు. విన్నప్పుడు నవ్వుకున్నాడు.

పాఠంలో చెప్పినవి మూడే. ఉన్నచోటు నుంచి కదలాలి. ఎవరికైనా ఫోన్ చేయాలి. ఇరవై నిమిషాలు గడపాలి. ఆ మూడిటి మీదా మేస్త్రికి నమ్మకం లేదు. కానీ పని నేర్చుకునే రోజుల్లో కూడా పెద్దాయన చెప్పింది నమ్మాక చేయలేదు, చేశాక నమ్మాడు. డబ్బా మూత బిగించి, బయట పేర్చి ఉన్న దుంగల మీదకు వెళ్లి కూర్చుని, రివర్స్ గేరుకు ఫోన్ చేశాడు.

ఏమైంది మేస్త్రీ అని అతను అడగలేదు. ఈ వేళప్పుడు ఎవరైనా ఎందుకు చేస్తారో అతనికి తెలుసు. తనే మొదలుపెట్టాడు. పొద్దున టైరు పంక్చరైన సంగతి చెప్పాడు, ఆ టైరు వేసిన మెకానిక్ సంగతికి వెళ్లాడు, ఆ మెకానిక్ పెళ్లిలో వంటవాడు అలిగి వెళ్లిపోయిన సంగతికి వెళ్లాడు, ఆ వంటవాడూ తనూ రెండో తరగతిలో ఒకే బెంచీ అన్నదాకా వెళ్లాడు. మేస్త్రి ఊఁ కొడుతూ కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి నవ్వు కూడా వచ్చింది. వాచీ చూసుకుంటే ఇరవై ఆరు నిమిషాలైంది. కోరిక పోలేదు, కానీ లేచి నిలబడ్డది కాస్తా చతికిలబడింది.

"ఇంతకీ మేస్త్రీ," అన్నాడు డ్రైవరు చివర్లో, "నిన్న మిషన్ సున్నా చూపించినప్పుడు నీ మొహం అలా మాడిపోయిందేం? నేనైతే మెట్ల మీద గంతులేసేవాణ్ని."

రేపు చెబుతాలే అన్నాడు మేస్త్రి. ఆ రోజు మళ్లీ లోపలికి వెళ్లలేదు. బావమరిది వచ్చేదాకా దుంగల మీదే కూర్చున్నాడు.

గురువారం ఇంట్లోవాళ్లు వచ్చే రోజు. పెళ్లాం లాండ్రీలో సగం రోజు అడిగి వచ్చింది. పని బట్టల్లోనే ఉంది, ఒంటి మీద సబ్బు నీళ్ల వాసన. ఆయన పక్క కుర్చీలో కాకుండా టీచరమ్మ పక్కన కూర్చుంది. డాక్టరు కూడా ఒక మూల కుర్చీ వేసుకున్నాడు. మేస్త్రి వంతు వచ్చింది.

ఎలా మొదలుపెట్టాలో తెలియక బల్ల గురించి చెప్పాడు. బుధవారం చెయ్యి ఆపిన సంగతి, ఫోన్ చేసిన సంగతి చెప్పాడు. అందరూ మెచ్చుకోబోయారు. కౌన్సెలర్ మాత్రం ఏమీ అనకుండా ఆయన వంకే చూస్తూ ఉంది. ఇంకా ఏదో ఉందని ఆమెకు తెలిసిపోయింది. తొందరపెట్టలేదు.

"మొదటి రోజు డాక్టరుగారు ఒకటి అడిగారు," అన్నాడు మేస్త్రి నేల చూస్తూ. "పని స్పిరిట్ తాగావా అని. లేదన్నాను. తాగాను. పోయిన ఏడాది. మూడు సార్లు. మొన్న పొద్దున పెదవికి పెట్టుకున్నది కూడా తడి చూడ్డానికి కాదు. చూడ్డానికే పెట్టాను గానీ, ఆ తర్వాత తీయలేదు."

చెప్పేశాక తేలికగా ఉంటుందని పాఠంలో చెప్పారు. తేలికగా ఏమీ లేదు, మెట్లన్నీ ఎక్కి వచ్చినట్టుంది.

అప్పుడు పెళ్లాం గొంతు వినబడింది.

"మూడు కాదు. నాలుగు."

మేస్త్రి తలెత్తాడు.

"నాలుగోసారి నీకు గుర్తుండదు," అందామె. "షాపులో గోడ పక్కన పడి ఉన్నావు. తమ్ముడూ నేనూ మోసుకొచ్చాం. డబ్బా పక్కనే ఉంది. తెల్లారేదాకా నీకు కళ్లు కనబడుతున్నాయో లేదోనని మొహం ముందు వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాను."

కౌన్సెలర్ మెల్లగా అడిగింది, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా అని.

"చెబితే పని మానిపించేవాళ్లు కదా మేడమ్. ఆ పని కూడా లేకపోతే ఈ మనిషి మంచం మీదనుంచి లేవడని భయం. తమ్ముడికీ అదే చెప్పాను, నోరెత్తకని. ఆయన దాచాడు, మేమూ దాచాం. దాచి దాచి అలిసిపోయాను." టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆమె ఏడవలేదు. ఏడుపు మానేసి చాలా ఏళ్లయింది.

డాక్టరు కోప్పడలేదు. కళ్లూ కాలేయమూ వెంటనే పరీక్ష చేయాలని రాశాడు. వారానికి నాలుగు రోజులు చికిత్స అలాగే సాగుతుందన్నాడు. పెళ్లాం కోసం వేరే గంట ఉంటుంది, కాపలా కాసి కాసి అలిసిపోయిన వాళ్లంతా అందులో కూర్చుంటారు అని కౌన్సెలర్ చెప్పింది. ఇక పని సంగతి. ఆర్నెల్లు స్పిరిట్ ముట్టుకోవడానికి వీల్లేదు, ఆ గదిలో డబ్బా ఉండటానికి కూడా వీల్లేదు అన్నాడు డాక్టరు.

"బల్ల ఒక్కటి పూర్తి చేసుకుంటాను సార్," అన్నాడు మేస్త్రి. "ఇంకో పది రోజులు. మా బావమరిది పక్కనే ఉంటాడు."

"వద్దు మేస్త్రిగారూ. దాన్ని ఇంకొకరు పూర్తి చేస్తారు."

"చేయలేరు సార్," అన్నాడు మేస్త్రి. గొప్ప కోసం అన్నది కాదు. డాక్టరు కూడా అలా అనుకోలేదు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ కూర్చుని మాట్లాడదాం, అప్పుడు కూడా సరే అంటానని మాట ఇవ్వను అన్నాడు.

ఆ మధ్యాహ్నమే బావమరిది స్పిరిట్ డబ్బాలూ లక్క సంచులూ బండి మీద వేసుకుని షాపు నుంచి తీసుకెళ్లిపోయాడు. గ్రంథాలయానికి వెళ్లి, పాత పద్ధతి కుదరదు, మిషన్‌తో స్ప్రే కొట్టిస్తాం అని చెప్పి ఒప్పించి వచ్చాడు. వాళ్లు ముఖం చిట్లించుకున్నా, బల్ల తొందరగా కావాలి కాబట్టి సరేనన్నారు. స్ప్రే కొట్టేవాడు వచ్చి చూసి, ఈ లక్క మీద నా రంగు పట్టదు, అంతా గీకి పచ్చి చెక్క తేలిస్తేనే కొడతాను అన్నాడు.

ఆ మాట మేస్త్రికి చెప్పడానికి బావమరిది రెండు రోజులు నాన్చాడు. శనివారం చెప్పేసి, "నువ్వు ఇంట్లో ఉండు బావా. ఎవరిచేతనైనా నేను గీకిస్తాలే. నువ్వు చూడలేవు," అన్నాడు.

"ఎవడో వస్తే చెక్కను కూడా గీకి పారేస్తాడు," అన్నాడు మేస్త్రి. "గరుకు కాగితం ఇటివ్వు."

పొడి కాగితంతో మొదలుపెట్టాడు. డాక్టరు కాదనని పని అది. ఒక అంచు నుంచి నారల వెంబడే, అడ్డం పోకుండా, చెయ్యి బరువు మోపకుండా రుద్దుకుంటూ పోయాడు. లక్క పొడై, పసుపు పిండిలా లేచి, మాస్కు మీదా కనుబొమల మీదా పడింది. నాలుగు వారాల మెరుపు మొదటి గంటలో మసకబారింది, రెండో గంటలో పోయింది. మధ్యలో ఒకచోట ఆగి కాసేపు నిలబడ్డాడు. బావమరిది అటు తిరిగి, అక్కర్లేని ఉలి ఒకటి నూరుకుంటూ ఉండిపోయాడు. మేస్త్రి కాగితం తిప్పి కొత్త వైపు పట్టుకుని మళ్లీ వంగాడు.

మూడింటికి ఫోన్ మోగింది. పెళ్లాం. కళ్ల పరీక్ష కాగితాలు వచ్చాయని, కుడికన్ను కొంచెం మందగించింది గానీ ఇక పెరగదన్నారని చెప్పింది. తనకు సోమవారం నుంచి ఆ గంట ఉందని, అక్కడికెళ్లి ఏం మాట్లాడాలో తెలియడం లేదని కూడా చెప్పింది.

"మొదట్లో ఏమీ మాట్లాడకు," అన్నాడు మేస్త్రి. "ఊరికే కూర్చో. ఆ కౌన్సెలర్ అమ్మాయికి పని తెలుసు."

ఆమె సరేనంది. ఇంటికెప్పుడొస్తావని అడిగింది. ఆ మాట అడగడం ఆమె ఏనాడో మానేసింది. ఆయన బల్ల వంక చూశాడు. మూడో వంతు అయ్యింది. భుజాలు లాగేస్తున్నాయి. ఇంకో గంట చేసి వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి ఆ గంటా చేశాడు. చెప్పిన వేళకు కాగితం కింద పెట్టి, ఒంటి మీద పొడి దులుపుకుని, బస్సు కోసం రోడ్డు మీదకు నడిచాడు.